ఎడిటర్లో మీ ఇష్టం ఎంతవరకు?

ఏమండీ, మీ ఎడిటర్లో అక్షరం సైజు ఎంతుంది? విండోస్‌లో వీఎస్ కోడ్ అయితే 14 ఉండుంటుంది. అది మీరు పెట్టుకున్నది కాదు, దాంతోపాటే వచ్చింది. కళ్లు చికిలించుకుంటూ ఏళ్లు వెళ్లదీస్తారు గానీ చాలామంది ఆ అంకె జోలికే పోరు. కంట్రోల్ పట్టుకుని కామా నొక్కండి, సెట్టింగులన్నీ బయటికొస్తాయి. 16 చేసుకోండి, 18 చేసుకోండి, అడిగేవాడు లేడు.

మా వినుకొండలో ఇంటి నుంచి కోడ్ రాసే పిల్లలు అక్కడక్కడా కనపడుతున్నారు. అందరివీ నల్ల తెరలే. రాత్రికి అది హాయే. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం వసారాలో కూర్చున్నామంటే, ఆ నల్ల తెరలో కోడ్ బదులు మన మొహమే కనపడుద్ది. పగటికి తెల్ల థీమూ రాత్రికి నల్ల థీమూ ఎంచుకుని, కంప్యూటర్ థీమ్ మారినప్పుడల్లా ఎడిటర్‌దీ మారేలా పెట్టుకోవచ్చు. ఆ సెట్టింగు ఉందని తెలియక ఎండని తిట్టుకుంటుంటారు.

ఇక తెలుగు సంగతికొద్దాం. మిర్చి ధరలు చూపే యాప్ రాస్తున్నారనుకోండి, కోడ్ మధ్యలో తెలుగు మాటలు పడక తప్పదు. కన్సోలాస్ లాంటి కోడ్ ఫాంట్లలో తెలుగు ఉండదు. ఎడిటర్ చేతికందిన ఫాంటేదో తెచ్చి అతికిస్తుంది. ఆ ఎంపిక దానికి వదిలెయ్యకుండా ఫాంట్ ఫ్యామిలీ సెట్టింగులో కన్సోలాస్ పక్కన కామా పెట్టి నిర్మలా యూఐ అనో, నోటో సాన్స్ తెలుగు అనో మీరే రాయండి.

రాశాక పరీక్ష చెయ్యాలి గదా. ‘వినుకొండ’ అని టైపు చేసి, బాగానే ఉందని తృప్తి పడొద్దు. ఆ మాటలో వత్తు ఒక్కటీ లేదు. 1895లో ఇక్కడే పుట్టిన మహాకవి జాషువా ఇంటిపేరు ‘గుర్రం’ కొట్టండి. ఆ తర్వాత ‘స్వాతంత్ర్యం’ కొట్టండి. వత్తు కింద వత్తు వచ్చేసరికి అడుగుభాగం తెగినట్టో, కింది వరసని తాకినట్టో కనపడితే లైన్ హైట్ పెంచాలి. అక్కడ 8 కన్నా చిన్న అంకె ఇస్తే అక్షరం సైజుకి అన్ని రెట్లని లెక్క. 1.7 ఇచ్చి చూడండి, వత్తులకి చోటు దొరుకుతుంది. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే గానీ, యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. బ్యాక్‌స్పేస్ నొక్కితే ముందు గుడిదీర్ఘం ఊడి, తర్వాత వత్తులు ఒక్కొక్కటీ రాలితే కంగారు పడకండి, ఎడిటర్ చెడిపోలేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ మీ కంటికి సంబంధించినవి. పక్కవాడికి వాటితో పనిలేదు. పేచీ ఫైలులోకి దిగే సెట్టింగులతోనే.

మా అన్న కొడుకు ఒకసారి విసుక్కుంటూ వచ్చాడు. “బాబాయ్, ట్యాబ్ సైజు 2 పెట్టాను. 4 వస్తోందేంది?”

“ఫైలు నువ్వే మొదలుపెట్టావా?”

“లేదు, టీమ్‌లో వాళ్లది.”

అదీ సంగతి! డిటెక్ట్ ఇండెంటేషన్ అని ఒకటుంది, మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఫైలు తెరవగానే అందులో ఇదివరకు ఎట్టా రాశారో చూసుకుని దాన్నే పాటిస్తుంది. మీరు పెట్టిన 2 అనే అంకె కొత్త ఫైళ్లకి. ఆ మర్యాద తీసెయ్యకండి. ఊరికో ఆచారం ఉంది మరి. 2001లో వచ్చిన పైథాన్ వాళ్ల పెప్-8 నాలుగు స్పేసులు పెట్టమంటుంది. లైనక్స్ కెర్నెల్ వాళ్లది ట్యాబ్, అదీ ఎనిమిది వెడల్పు. గో భాష వాళ్లు ఆ తగువు పిల్లల మీదికి రానియ్యకుండా ఫార్మాటర్ చేత ట్యాబులే పెట్టించారు.

వరస చివర మిగిలిన ఖాళీ స్పేసుల్ని సేవ్ చేసేటప్పుడు తీసేసే సెట్టింగుంది. కల్లంలో తాలుకాయ ఏరినట్టు ఏరేస్తుంది. మంచిదే. కానీ మిర్చి యార్డులో తాలుక్కూడా ఓ ధర ఉంటుంది గదా! మార్క్‌డౌన్ ఫైల్లో వరస చివరి రెండు స్పేసులకి కొత్త వరస మొదలెట్టమని అర్థం. అక్కడ ఏరితే వరసలు కలిసిపోతాయి. పైగా పాత ఫైలుని ఇట్టా శుభ్రం చేసి గిట్‌లోకి పంపారంటే, మీరు దిద్దింది ఒక్క వరసైనా వంద వరసలు మారినట్టు చూపిస్తుంది. దాన్ని చదివేవాళ్ల తిట్లు మీకే.

అందుకని నలుగురికీ సంబంధించినవి నలుగురి ఫైల్లోనే ఉండాలి. ప్రాజెక్టు ఫోల్డర్లో ఎడిటర్‌కాన్ఫిగ్ అనే చిన్న ఫైలు పెట్టి, ట్యాబా స్పేసా, ఎన్ని, వరస చివర ఏం చెయ్యాలి, మార్క్‌డౌన్‌కి మినహాయింపేమిటి అని రాసెయ్యండి. వీఎస్ కోడ్‌కి దాని ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి, చాలా ఎడిటర్లు నేరుగానే చదువుకుంటాయి.

“ఇప్పుడు ముగ్గురమే గదా, టీమ్ పెద్దదయ్యాక చూద్దాంలే” అంటారా? 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే పనిముట్టు రాశాడు. అందులో కమాండు వరస ట్యాబ్‌తోనే మొదలవ్వాలని పెట్టాడు. కొద్ది వారాలకే అది ఇబ్బందని తెలిసింది. కానీ అప్పటికే వాడేవాళ్లు ఓ డజను మంది ఉన్నారు, వాళ్లని ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నాడు. ఆ డజను మంది దగ్గర పడ్డ మొహమాటానికి ఈనాటికీ మేక్‌ఫైల్లో ట్యాబ్ బదులు స్పేసు పడిందంటే పని ఆగిపోతుంది. ముగ్గురున్నప్పుడైతే టీ తాగేలోగా తేలిపోతుంది. కానివ్వండి, ఈ పూటే.