పెద్ద గుమ్మటం చూసొచ్చాం

2024 ఏప్రిల్‌లో మా చెల్లెలికి రెండో కాన్పు అంటే వర్జీనియా వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అంతసేపు విమానంలో కూర్చోలేనంది. సరే, అక్కని నేనున్నానుగా అని కాయం, వెల్లుల్లి కారప్పొడి, పాత చీరలు చింపిన మెత్తటి గుడ్డలు పెట్టెనిండా సర్దుకుని బయల్దేరాను. వెళ్ళినదాన్ని ఊరుకుంటానా, ఒకరోజు వాషింగ్టన్ కూడా చూసొచ్చాను.

వైట్‌హౌస్ గురించి మీరు చాలాసార్లు చదివే ఉంటారు. కమ్మీల ఇవతల నించుని ఫొటో దిగి రావడమేగా! నేను చెప్పబోయేది కాపిటల్ భవనం గురించి. అంటే వాళ్ళ పార్లమెంటు. దాన్ని కాంగ్రెస్ అంటారు (మన పార్టీ అనుకునేరు!). లోపలికి టిక్కెట్టు లేదు, పైసా ఖర్చు లేదు. ఆదివారం మాత్రం మూసేస్తారు.

చెల్లెలికి వంటచేసి పెట్టి మరిదిగారూ, వాళ్ళ పెద్దపిల్లా, నేనూ ఆష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కాం. కాపిటల్ సౌత్ స్టేషన్‌లో దిగి నాలుగడుగులు నడిస్తే తెల్లటి గుమ్మటం కనిపిస్తుంది. నేను పాలరాయి అనుకున్నాను. కాదట, పోత ఇనుము! తెల్లరంగు వేశారు. పైన నించున్నది ఆడమనిషి విగ్రహమే. స్వేచ్ఛకి గుర్తుగా 1863లో పెట్టారట.

ఒక్క మాట గుర్తుంచుకోండి. తినేవీ తాగేవీ లోపలికి రానివ్వరు. ఖాళీ నీళ్ళసీసా అయితే పరవాలేదు. నేను కట్టుకెళ్ళిన పులిహోర ముగ్గురం బయట బెంచీ మీద కూర్చుని తినేసి, డబ్బా కడుక్కుని మరీ వెళ్ళాం.

లోపల చెవులకి ఫోన్లు పెట్టి, గైడు వెంట తిప్పుతారు. గుమ్మటం కింద తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. మబ్బుల్లో దేవుడిలా కూర్చున్న జార్జి వాషింగ్టన్ బొమ్మ అంతెత్తున వేశారు. ఒక్కో రాష్ట్రం రెండేసి విగ్రహాలు పంపించిందట. వాటిని చూస్తూ పోతే పొద్దుపోతుంది. నన్ను అడిగితే బస్సులో సీటు వదలనన్న రోసా పార్క్స్ విగ్రహం ముందు కాసేపు నిలబడండి. దాన్ని 2013లో పెట్టారు.

సభ చూడాలంటే వేరే పాసు కావాలి. మనలాంటి విదేశీయులు పాస్‌పోర్టు చూపిస్తే అక్కడే ఇస్తారు. ఫోనూ గీనూ బయటే పెట్టించి సెనేట్ గ్యాలరీలో కూర్చోబెట్టారు. తీరా చూస్తే ఏముంది? కింద కుర్చీలన్నీ ఖాళీ! ఒకావిడ సభ్యుల పేర్లు మెల్లగా, ఒక్కొక్కటీ సాగదీసి చదువుతోంది. పలికేవాడు లేడు. మనవాళ్ళు మైకులు విరగ్గొడతారని తిట్టుకుంటాం గానీ, ఇదేం సభ అనిపించింది.

"కోరం అని చెప్పి కాలక్షేపం పెద్దమ్మా" అంది పదకొండేళ్ళ పిల్ల. బళ్ళో చెప్పారట. బయటికొచ్చాక అదీ, వాళ్ళ నాన్నా కలిసి నాకు పాఠం చెప్పారు.

నా మనసులో ఉన్నది వేరు. మా చెల్లెలు ఉద్యోగం మారి ఎనిమిది నెలలే అయింది. దాచుకున్న సెలవులు మూడు వారాలు. ఆపైన ఐదు వారాలు జీతం లేకుండా. ఎనిమిదో వారం నిండేసరికి ఆఫీసులో ఉండాలి. అంత గొప్ప దేశంలో ఇదేమిటని అడిగాను. దేశమంతటికీ ఉన్న చట్టం 1993 నాటిది. కనీసం యాభైమంది ఉన్న కంపెనీలో ఏడాది చేసి ఉంటే పన్నెండు వారాలు ఉద్యోగం తీసెయ్యరు, అంతే. జీతం మాట లేదు. ఆ కాస్తకీ 1990లో ఒకసారి, 1992లో ఒకసారి పెద్ద బుష్ సంతకం పెట్టనన్నాడు. క్లింటన్ వచ్చాక పెట్టాడు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంతంగా జీతంతో సెలవు ఏర్పాటు చేసుకున్నాయి.

జీతంతో సెలవు కావాలా అని అడిగితే అక్కడి జనంలో ఎక్కువమంది కావాలనే అంటారట, రెండు పార్టీల వాళ్ళూనూ. మరి ఎందుకవదూ?

మొదటి అడ్డు కమిటీ. బిల్లుల్లో చాలావాటికి అక్కడే నూకలు చెల్లిపోతాయి. దాటితే 435 మంది ఉన్న దిగువసభ ఒప్పుకోవాలి. తర్వాత సెనేట్‌లో వందమంది. అందులో సగం పైన ఒకరుంటే చాలు కదా అనుకుంటాం. కాదు! చర్చ ముగిద్దాం అనడానికే అరవైమంది చెయ్యెత్తాలి. పూర్వం గంటల తరబడి నించుని మాట్లాడి అడ్డుకునేవాళ్ళు. ఇప్పుడా శ్రమ కూడా అక్కర్లేదు, అడ్డుకుంటామంటే చాలు.

2012 డిసెంబర్‌లో కనెటికట్‌లో ఒక బడిలో ఇరవైమంది పసిపిల్లల్ని కాల్చి చంపారు, గుర్తుందా? తుపాకీ కొనేవాడి పూర్వాపరాలు కచ్చితంగా చూడాలని పదిమందిలో తొమ్మిదిమంది అన్నారు. 2013 ఏప్రిల్‌లో సెనేట్‌లో ఓటు పెడితే 54 మంది సరే, 46 మంది కాదు. 46 గెలిచింది! పిల్లకి ఈ లెక్క ఎలా చెప్పారో బళ్ళో.

పైగా ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే సెనేటర్లు. 2020 లెక్కల్లో కాలిఫోర్నియా జనం 3 కోట్ల 95 లక్షలు, వయోమింగ్ జనం 5 లక్షల 77 వేలు. మా గుంటూరు ఊరంత కూడా లేదు. ఇద్దరికీ చెరో రెండు ఓట్లు. పంక్తిలో అందరికీ సమానంగా వడ్డించినట్టే ఉంది గానీ, విస్తరి ముందు ఒకచోట ఒకడు, ఇంకోచోట డెబ్భై మంది కూర్చున్నారన్నమాట.

2021లో అందినట్టే అంది పోయిందట. నాలుగు వారాల జీతం సెలవు ఒక పెద్ద బిల్లులో కలిపి నవంబర్‌లో దిగువసభ ఒప్పుకుంది. డబ్బు లెక్కల దారిలో తెచ్చారు గనక అరవై అక్కర్లేదు. కానీ సెనేట్‌లో రెండు పక్షాలూ యాభై యాభై. అవతలి యాభైమందీ వద్దన్నారు. ఇవతలి పక్షంలోనే పక్కనున్న వెస్ట్ వర్జీనియా సెనేటర్ మాంచిన్ అప్పులూ ధరలూ పెరుగుతాయని ఒప్పుకోలేదు. అంతే, 2022లో చిన్నదై పాసైన బిల్లులో ఈ సెలవు లేదు.

"ఆయన ఒక్కడి తప్పేం కాదు వదినా" అన్నారు మరిదిగారు. "కావాలా అంటే అందరూ కావాలంటారు. డబ్బు ఎవరివ్వాలి అంటే ఒకరు పన్ను వెయ్యమంటారు, ఒకరు కంపెనీలే ఇవ్వాలంటారు, ఒకరు ఎవరి పొదుపు వాళ్ళదంటారు. సెలవు ఇవ్వలేదని ఓటు మార్చేవాళ్ళెంతమంది? తుపాకీ జోలికొస్తే మార్చేవాళ్ళు మాత్రం చాలామంది." నాకిది సబబుగానే తోచింది. పెళ్ళికి అందరూ రమ్మనేవాళ్ళే, కార్ల ఖర్చు దగ్గరకొచ్చేసరికి తలా ఒక మాట.

మనమేమీ తక్కువ తినలేదు లెండి. మహిళా రిజర్వేషన్ బిల్లు 1996లో పెడితే 2023కి గానీ పాసవలేదు. మనకి 2017 నుంచి 26 వారాల జీతం సెలవుంది. అయితే అది కనీసం పదిమంది ఉన్న చోటే. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి కాన్పు అయిన నెలకే పనిలోకి వచ్చింది.

అన్నట్టు, సెనేట్ హోటల్లో చిక్కుడు గింజల సూపు రోజూ ఉండి తీరాలట. వందేళ్ళ బట్టీ ఉందట ఈ ఆచారం. పందిమాంసం వేస్తారని తెలిసి మేం రుచి చూడలేదు. గింజలు నానబెట్టి, ఉల్లిపాయ, మిరియాలు వేసి ఇంటికెళ్ళాక నేనే చేశాను. బాలింతకి పెట్టలేదు గానీ మిగతావాళ్ళం తాగాం, బాగానే ఉంది.

జూన్ మూడో వారంలో చెల్లెలు ఆఫీసుకి వెళ్ళింది. పాలు తీసి పెట్టుకునే సంచీ ఒక భుజానికి, కంప్యూటర్ సంచీ ఇంకో భుజానికి. కారు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, "అక్కా, పదకొండింటికి నిద్రలేస్తుంది, మర్చిపోకు" అంది. నా తిరుగు టిక్కెట్టు జూలై పదికి. ఆ తర్వాత పాపని చూసేందుకు ఆ వారమంతా మరిదిగారు ఒక్కో డేకేర్‌కీ ఫోన్ చేస్తూనే ఉన్నారు.