గుర్తు తెలియని ఫోను



రెండు నెలల క్రితం ఆదివారం ప్రకటనల సమయంలో మేము ఒక మాట అన్నాం. మందిరం వైఫైని కొందరు ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని, అందుకే లైవ్ మధ్యలో ఆగిపోతోందని, పాస్‌వర్డ్ మార్చేశామని. పేరు చెప్పలేదు. చెప్పకపోయినా ఎవరి గురించో మీ అందరికీ అర్థమైంది. రోజూ రాత్రి మందిరం అరుగు మీద కూర్చుని ఫోనులో కానిస్టేబుల్ పరీక్ష క్లాసులు వినే తమ్ముడు ఒక్కడే కదా. ఆ మాట తప్పు. నలుగురిలో అన్నదాన్ని నలుగురిలోనే దిద్దుకోవాలి కాబట్టి, ఆ తమ్ముణ్ణి అడిగే ఇది రాస్తున్నాం.

జరిగింది ఇది. వైఫై బాక్సు మా ఇంట్లో ఉంది. ఒక గోడ దాటితే మందిరం. కొన్ని నెలలుగా సాయంత్రం ఏడు దాటితే నెట్ నత్తనడకే. హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయి వీడియో కాల్ చేస్తే ముఖం కదలదు, మాట ముక్కలుగా వస్తుంది. ఒకరోజు బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి, బాక్సు అడుగున స్టిక్కర్ మీదున్న వివరాలతో సెట్టింగ్స్ పేజీ తెరిచాం. ఎవరెవరి ఫోన్లు కలిసి ఉన్నాయో అక్కడ కనిపిస్తుంది. అందులో ఒకదానికి పేరు లేదు, అంకెలూ అక్షరాలూ కలిసిన చిరునామా మాత్రమే ఉంది. దొంగ దొరికాడనుకున్నాం. పాస్‌వర్డ్ మార్చాం, ఆదివారం ఆ ప్రకటన చేశాం.

నెట్ బాగుపడలేదు. పైగా నాలుగు రోజులకు చూస్తే అదే చిరునామా మళ్ళీ జాబితాలో ఉంది. కొత్త పాస్‌వర్డ్ కూడా సంపాదించాడా అని కోపం వచ్చింది. ఆ చిరునామాను బ్లాక్ చేసేశాం. నిమిషం తిరక్కుండానే వంటింట్లోంచి పాస్టరమ్మగారు, "ఏమండీ, నా ఫోనులో నెట్ పోయింది, చూడండి" అన్నారు.

ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు చిరునామా దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత చిరునామా ఇస్తాయట. ఆ చిరునామాలో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఏదైనా అయితే అది సాధారణంగా అలాంటిదేనట. దూలము, నలుసు గురించి ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. మా ఇంటి ఫోనునే మేము గుర్తుపట్టలేకపోయాం.

మరి అసలు లోపం ఎక్కడ? కేబుల్ పని తెలిసిన మా బంధువుల అబ్బాయి ఫోనులోనే చెప్పి, చుట్టుపక్కల వైఫైలను చూపించే యాప్ ఒకటి మా చేత పెట్టించాడు. ఒకప్పుడు మా వీధిలో రెండే కనెక్షన్లు. ఇప్పుడు తొమ్మిది కనిపించాయి. అందులో ఆరు చానెల్ 6 మీదే ఉన్నాయి, మాదీ అందులోనే. 2.4 గిగాహెర్ట్జ్‌లో మనకు 13 చానెళ్లు ఉన్నా, ఒకదానికొకటి అడ్డం రాకుండా పనిచేసేవి 1, 6, 11 మాత్రమే. ఒకే వీధిలో ఆరు మైకులు పెడితే ఏ మాటా తెలియదు, ఇదీ అంతే. అందరూ ఇళ్లకు చేరే సాయంత్రం రద్దీ ఇంకా పెరుగుతుంది. దానికి తోడు మా బాక్సులో చానెల్ వెడల్పు 40లో ఉంది, అంటే దాదాపు సగం దారి మేమే ఆక్రమించాం! ఆ బాక్సు కూడా ఇనుప బీరువా వెనక ఉంది. ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది.

చానెల్ 1కి మార్చాం, వెడల్పు 20కి తగ్గించాం, బాక్సును మందిరం వైపు కిటికీ పక్కన ఎత్తులో పెట్టాం. గదిలోని ఫోన్లకు 5 గిగాహెర్ట్జ్ వాడుతున్నాం. అది వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటి ఎక్కువ దూరం పోదు, అందుకే మందిరానికి 2.4 ఉంచాం. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌లో పెట్టి, డబ్ల్యూపీఎస్ ఆపేశాం, స్టిక్కర్ మీదున్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాం. గెస్ట్ నెట్‌వర్క్ అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని వేరే పాస్‌వర్డ్‌తో తెరిచాం. అందులో కలిసినవారికి నెట్ వస్తుంది, మా ఇంటి ఫోన్లు, కంప్యూటరు మాత్రం కనబడవు. ఇది ముందే చేసి ఉంటే ఎవరినీ అనుమానించే పనే ఉండేది కాదు.

ఆ సాయంత్రం మేమిద్దరం ఆ తమ్ముడి ఇంటికి వెళ్ళాం. వాడు లేడు. రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ అయిపోతే, స్నేహితుడి ఫోను పంచుకోవడానికి కాలువ గట్టు దాకా నడిచి వెళ్తున్నాడట. "మందిరానికి రానంటున్నాడు అయ్యగారూ, ఎందుకో అడిగితే చెప్పడు" అంది వాళ్ళమ్మ. ఆ మాటకు మాకు తల ఎత్తడం కష్టమైంది. రాత్రి వచ్చాక తప్పు మాదేనని చెప్పి క్షమించమని అడిగాం. "పర్లేదు అయ్యగారూ" అన్నాడు. పర్వాలేదనడం వాడి మంచితనం, పర్వా ఉంది. రెండు వారాలకు గానీ అరుగు మీదికి రాలేదు.

ఈ ఆదివారం ప్రకటనల్లో కూడా ఇదే చెబుతాం. మీ ఇంట్లోనూ నెట్ ఆగితే, పక్కింటివాళ్ళ మీదికి వెళ్ళకముందు ఇంట్లో ఫోన్లు లెక్కపెట్టండి, చానెల్ చూడండి, బాక్సు ఎక్కడుందో చూడండి.

మందిరం అరుగు మీద లైటు రాత్రి పది దాకా వెలుగుతుంది. గెస్ట్ పాస్‌వర్డ్ కావలసిన పిల్లలు పాస్టరమ్మగారిని అడగండి.