పాత లెన్స్, కొత్త బాడీ

శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనాన్ని ఎన్నేళ్లు ఫొటోలు తీసినా నాకు తనివి తీరదు. ఏడు శనివారాల మొక్కు మనసులో ఉన్నవాళ్లు కెమెరా వైపు చూడరు. నాకు కావాల్సింది ఆ ముఖాలే.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నికాన్ ఎఫ్‌ఎం2తో మొదలుపెట్టాను. 1982లో వచ్చిన మోడల్ అది. బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరుకే, షట్టర్‌కి అక్కర్లేదు. రీలుకి 36 ఫ్రేములే కావడంతో, నొక్కే ముందు కాసేపు ఆగి చూడటం అలవాటైంది.

తర్వాత నికాన్ డిజిటల్ డి7000, దాంతో ఓ జూమ్ కొన్నాను. జూమ్ ఎక్కువగా బీరువాలోనే ఉంటుంది. పాత 50 ఎంఎం లెన్స్ మాత్రం కొత్త బాడీకి ఇట్టే బిగిసింది. రెండిటిదీ 1959లో మొదలైన నికాన్ ఎఫ్ మౌంట్ మరి! ఆ పనితనం చూపినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

గోదారి పక్కన తేమకి అద్దాల లోపల బూజు పడుతుంది. అందుకే వానాకాలమంతా లెన్సులు గట్టి మూత ఉన్న డబ్బాలో, సిలికాజెల్ పొట్లాల మధ్య ఉంటాయి. గుళికల రంగు మారగానే కొత్తవి వేస్తాను. ఇంట్లో ఏ వస్తువునీ ఇంత శ్రద్ధగా చూసుకోను.

కుర్రాళ్లు మిర్రర్‌లెస్ కొనమంటున్నారు. అడాప్టర్ పెడితే ఈ లెన్స్ దానికీ పడుతుంది. కొంటే బాడీ ఒక్కటే కొంటాను.