అరకు సంతలో 240 రూపాయల బాకీ

రైలెక్కేటప్పుడు నా పర్సులో 140 రూపాయలున్నాయి. ఒక వంద నోటు, రెండు ఇరవైలు. అందులో ఒక ఇరవై మధ్యకి చిరిగి, టేపు వేసి ఉంది. మా పిన్ని కొడుకు దగ్గర అదీ లేదు. వాడికి అసలు పర్సే లేదు. “క్యాష్ ఎందుకన్నయ్యా, టీ కొట్టువాడు కూడా నోటిస్తే మొహం చిట్లిస్తున్నాడు” అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఏటీఎంకి వెళ్లి ఎన్ని నెలలైందో నాకే గుర్తులేదు.

డిసెంబరు మొదటి వారం. విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్. కొత్తవలస దాకా మామూలు రైలే. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక అసలు ప్రయాణం మొదలవుతుంది. కొండ పక్కగా వంకర్లు తిరుగుతూ, రొప్పుతూ పైకి ఎక్కుతుంది. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికి 1960ల్లో వేసిన లైను ఇది. మనలాంటి టూరిస్టుల కోసం వేసింది కాదు. అందుకే కాబోలు, లోయ బాగా కనబడుతోంది, ఫోన్ బయటికి తీద్దాం అనుకునేసరికి సొరంగం వచ్చేస్తుంది. మొత్తం 58 సొరంగాలని చెప్తారు. మేం ముప్పై దాకా లెక్కపెట్టి వదిలేశాం.

శివలింగపురం దాటాక వేరుశనక్కాయలాయన వచ్చాడు. మెడలో తాడు, తాడుకి క్యూఆర్ కార్డు. రెండు పొట్లాలు 40. స్కాన్ చేశాను, పిన్ కొట్టాను. సొరంగం. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. వెలుతురొచ్చింది, “ఫెయిల్డ్” అంది. మళ్లీ స్కాన్ చేశాను. మళ్లీ సొరంగం. “బొర్రా వచ్చేస్తాది బాబూ, బేగి తేల్చండి, అక్కడ జనం దిగిపోతారు” అన్నాడాయన. పాపం, ఆయన బేరమంతా బొర్రా గుహలు వచ్చేలోపే. రెండు ఇరవైలూ తీసిచ్చాను. టేపు నోటుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నాడు.

అరకులో దిగాక మిగిలిన వంద ఆటోకి అయిపోయింది. ఆటో అబ్బాయికి ఫోనుంది, స్కానరుంది. కానీ “క్యాష్ ఉంటే ఇవ్వన్నా, ఆయిల్ కొట్టించాలి, బంకు దగ్గర నెట్ రాదు” అన్నాడు. ఇచ్చేశాను. అప్పటికి మాకేం భయం లేదు. రెండు ఫోన్లలో కలిపి పాతిక వేల దాకా ఉన్నాయి కదా!

ఆ సాయంత్రం మాత్రం అంతా మావాడు చెప్పినట్టే జరిగింది. రోడ్డు పక్క బొంగులో చికెన్ పొయ్యిలు వరసగా ఉంటాయి. పచ్చి వెదురు గొట్టంలో మసాలా కలిపిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పి తిప్పి కాలుస్తారు. చుక్క నూనె పడదు. ఒక బండి దగ్గర ముప్పై ఏళ్ల ఆవిడ ఒక్కతే నడుపుతోంది. స్కాన్ చేయగానే ఆమె పక్కనున్న చిన్న డబ్బా గట్టిగా లెక్క చెప్పింది. చేతులనిండా మసాలా, మొహం నిండా పొగ. ఫోన్ ముట్టుకోకుండానే డబ్బులు పడ్డాయని ఆమెకి తెలిసిపోయింది.

“మీకు ఇదే నయమా అక్కా, నోట్లు నయమా?” అని అడిగాను.

ఆమె నవ్వలేదు. “నోట్లయితే రాత్రికి ఇంట్లో ఉండవు. మా ఆయన తాగీసి వస్తాడు. డబ్బా వెతుకుతాడు, బియ్యంలో వెతుకుతాడు. ఇవి నా పేరున పడతాయి. పిన్ను నాకే తెలుసు” అంది.

2016 ఆగస్టులో యూపీఐ యాప్‌లు జనంలోకి వచ్చాయి, అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. అప్పట్నుంచి క్యాష్‌లెస్ గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నానో లెక్కలేదు. నల్లధనం, పారదర్శకత, అభివృద్ధి. ఆ బొంగు చికెన్ ఆవిడ చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నాలుగంకెల పిన్ ఒక ఆడమనిషికి తాళంచెవి అవుతుందని నాకైతే అంతకుముందు తట్టలేదు.

ఆమె ఇంకోటి కూడా చెప్పింది. ముందు డబ్బా లేదట, ఫోన్ మాత్రమే ఉండేదట. జనం ఎక్కువున్న రోజున కొందరు కుర్రాళ్లు ఆకుపచ్చ టిక్కు ఉన్న తెర చూపించి వెళ్లిపోయేవాళ్లు. రాత్రి లెక్క చూసుకుంటే డబ్బులుండేవి కావు. అచ్చం పేమెంట్ అయినట్టే చూపించే దొంగ యాప్‌లు తిరుగుతున్నాయని మనకు తెలుసు. చలిలో, పొగలో నిలబడి కోడి కాల్చే మనిషి దగ్గర వాటిని వాడేవాళ్లుంటారని మాత్రం ఊహించలేదు. మొబైల్ ఉన్న మనలాంటి కుర్రాళ్లే మరి.

మర్నాడు సంత. ఏజెన్సీలో సంతంటే మన కూరగాయల మార్కెట్ లాంటిది కాదు. చుట్టుపక్కల కొండల మీది ఊళ్లవాళ్లు తెల్లారకముందే బయల్దేరి వస్తారు. పసుపు కొమ్ములు, మిరియాలు, పిప్పళ్లు, అల్లం, చింతపండు, అడ్డాకులు, చీపుర్లు, కోళ్లు తెస్తారు. ఉప్పు, నూనె, ఎండు చేపలు, సబ్బులు, బట్టలు కొనుక్కుని పోతారు. తెలుగు, ఆదివాసీ ఒడియా, మధ్యమధ్యలో ఇంకేదో భాష వినబడుతుంటాయి. వలిసె పూలు చాలావరకు రాలిపోయాయి గానీ దూరంగా వాలు మీద ఇంకా ఒకట్రెండు పసుపు మడులు కనిపిస్తున్నాయి.

ఫోన్ తీస్తే సిగ్నల్ ఒక గీత. వస్తోంది, పోతోంది. వారాంతం కావడంతో టూరిస్టులు, సంత జనం అంతా ఒకే టవర్ మీద పడ్డట్టున్నారు. ఏటీఎం దగ్గరికి పరిగెత్తాం. పెద్ద క్యూ. మా ముందు నలుగురుండగా డబ్బులైపోయాయి. పక్క కిరాణా షాపులో ఒకాయన “ఫోన్లో ఐదొందలు కొట్టండి, నాలుగొందల డెబ్బై ఇస్తాను” అన్నాడు. మావాడికి రోషమొచ్చింది. “మన డబ్బుకి మనమే ముప్పై కట్టాలా, వద్దన్నయ్యా” అని లాక్కొచ్చేశాడు. ఆ ముప్పై కట్టేసుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

చెట్టు కింద ఒక అవ్వ గోనె మీద రాజ్మా గింజలు పోసుకుని కూర్చుంది. ఎరుపు, మచ్చలవి, నల్లవి కలిసి ఉన్నాయి. అమ్మ తెమ్మని మరీమరీ చెప్పింది. కిలో 120 అంది. రెండు కిలోలు తూయించాను. సంచిలో పోశాక గుర్తొచ్చింది, చేతిలో పైసా లేదని.

“స్కానర్ ఉందా అవ్వా?”

ఆమె వెనక్కి చూపించింది. ప్లాస్టిక్ సామాన్ల షాపు కర్రకి క్యూఆర్ వేలాడుతోంది. “ఆ బాబుకి కొట్టు. ఆయన నాకిస్తాడు.”

కొట్టాను. నా ఖాతాలో 240 తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. యాప్‌లో మాత్రం పసుపు రంగు గడియారం బొమ్మ, “పెండింగ్”. షాపాయన ఫోన్లో ఏమీ పడలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు చూశాం. నాకు తలకొట్టేసినట్టయింది. గింజలు తిరిగిచ్చేస్తానన్నాను. కానీ మెసేజ్ ప్రకారం నా డబ్బులు పోయాయి కదా, అవి తర్వాత షాపాయనకి పడితే? అవ్వకి ఇవేవీ అర్థం కాలేదు, అర్థం కావాల్సిన అవసరం కూడా ఆమెకి లేదు. మా ఇద్దరి మొహాలూ చూసి, “పట్టుకెళ్లు బాబూ. వత్తాయిలే” అంది.

రెండు కిలోల గింజలు. ఏ కొండ వాలులోనో చల్లి, కోసి, ఎండబెట్టి, ఒలిచి, మోసుకొచ్చినవి. పేరు తెలియని టూరిస్టుకి అరువిచ్చేసింది. నేనే ఆ స్థానంలో ఉంటే ఇచ్చేవాణ్ని కాదు.

మర్నాడు సాయంత్రం విశాఖలో ఫోన్ మోగింది. 240 రూపాయలు నా ఖాతాలోకి వెనక్కి వచ్చేశాయి. రూలు ప్రకారం చూస్తే అంతా సక్రమమే. డబ్బు మన ఖాతాలో తగ్గి, అవతలివాళ్లకి చేరకపోతే మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలని 2019లో ఆర్బీఐ చెప్పింది. దుకాణాల చెల్లింపులైతే ఐదు రోజుల గడువు. దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం కూడా ఉంది. మనలో ఎంతమంది అడిగి తీసుకున్నారో గానీ, రూలు మంచిదే. కానీ అది కాపాడింది నన్ను. గింజలూ నా దగ్గరే, డబ్బులూ నా దగ్గరే! చేతికి చెయ్యి తగిలే బేరంలో ఇలా జరగడానికి వీల్లేదు.

హిస్టరీలో ఆ షాపు ఐడీ ఉంది. మళ్లీ 240 పంపాను. నోట్ రాసే చోట “రాజ్మా అవ్వకి” అని రాశాను. వెంటనే సక్సెస్. కానీ అవ్వ పేరేంటి? ఆ చెట్టు కింద గింజలు అమ్మేవాళ్లు ఎంతమంది? ఆ నోట్ షాపాయన చదువుతాడా? ఆకుపచ్చ టిక్కు వచ్చాక కూడా మనసు కుదుటపడని పేమెంట్ నా జీవితంలో అదొక్కటే.

సంక్రాంతి వెళ్లాక మళ్లీ సంత రోజే చూసుకుని వెళ్లాం. ఈసారి పర్సు నిండా పదులు, ఇరవైలు, యాభైలు. అదే చెట్టు కింద ఉంది అవ్వ. నన్ను గుర్తుపట్టలేదు గానీ మావాడి ఎర్ర టోపీని గుర్తుపట్టింది.

“ఇచ్చాడు బాబూ. రెండొందల ఇరవై ఇచ్చాడు.”

“రెండొందల నలభై కదా అవ్వా?”

“ఇరవై సెల్లు కూలి.”

సెల్లు కూలి! బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపు మీద అమ్మేవాళ్ల దగ్గర పైసా చార్జీ తీసుకోకూడదని 2020 జనవరి నుంచి నిబంధన. అది కాగితం మీద. ఇక్కడ చెట్టు కింద దానికో పేరు కూడా పెట్టేశారు. నేను షాపాయన దగ్గరికి వెళ్లాను, కొంచెం కోపంగానే. ఆయన మొహమాటపడలేదు. “వాళ్లందరి డబ్బూ నా ఖాతాలో పడుద్ది సార్. నోట్లు నేనెక్కణ్నుంచి తేవాలి? పట్నం వెళ్లి తేవాలి. రేపెవడైనా వచ్చి నీ ఖాతాలో ఇంత తిరిగింది, లెక్క చెప్పమంటే?” అన్నాడు. ఆ భయం ఉత్తది కాదు. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణాలకి జీఎస్టీ నోటీసులు పంపితే, చాలామంది స్కానర్లు పీకేసి క్యాష్ మాత్రమే అని కాగితాలు అంటించారు. వందకి ఎనిమిది రూపాయలు కొయ్యడం మాత్రం నాకిప్పటికీ అన్యాయంగానే ఉంది. ఆయన ఆ 220 ఎగ్గొట్టలేదన్నదీ నిజమే.

అవ్వకి బ్యాంకు బుక్కు ఉందట. ఉపాధి పని డబ్బులు అందులో పడతాయి, వేలిముద్ర వేసి తీసుకుంటుంది. ఫోన్ కూడా ఉంది, నొక్కులది. నెట్ లేని ఫోన్‌లో *99# కొట్టి డబ్బు పంపొచ్చనీ, 2022లో అలాంటి ఫోన్ల కోసమే యూపీఐ 123పే తెచ్చారనీ నేను మొదలుపెట్టాను. మావాడు మోచేత్తో పొడిచాడు. “నువ్వెప్పుడైనా వాడావా అన్నయ్యా?” లేదు. సొరంగంలో, సంతలో, ఏటీఎం క్యూలో నిలబడ్డప్పుడు కూడా నాకది గుర్తే రాలేదు. ఇంతకీ అందులో మెనూ నంబర్లు నొక్కుకుంటూ పోవాలి, అవ్వకి అక్షరాలు రావు.

ఇరవై నోటు తీసి ఇచ్చాను. ఊరికే తీసుకోనంది. నేను పట్టుబట్టాను. అప్పుడు నోటు కొంగున కట్టుకుని, గ్లాసుతో రాజ్మా కొలిచి సంచిలో పోసింది. పైన ఇంకో గుప్పెడు కొసరు వేసింది.

“అన్నయ్యా, ఇంకో వంద ఉందా? ఈ పసుపు బాగుంది” అన్నాడు మావాడు. వాడు ఈసారి కూడా పర్సు తేలేదు.