అట్టముక్కల జట్టు

పిల్లలూ, దసరా దగ్గరపడితే మీ ఇళ్ళలో కొత్త బట్టల మాటో, పిండివంటల మాటో వస్తుంది. నాకు మాత్రం కత్తెర, పాత అట్టలు, మైదాపిండి జిగురు గుర్తుకు వస్తాయి. దసరా రోజుల్లోనే రంజీ ట్రోఫీ క్రికెట్ పోటీలు మొదలయ్యే సమయం వస్తుంది కదా! ఆలోగా నేను నా జట్టుకు కార్డులు తయారు చేసుకోవాలి. ఈ అలవాటు నాకు పదకొండో యేట పట్టుకున్నది. ఎలా పట్టుకున్నదో చెబుతాను, వినండి.

మాది హిందూపురం. 1996లో నేను ఆరో తరగతి చదువుతున్నాను. ఆ యేడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రపంచ కప్పు పోటీలు మన దేశంలోనూ, పాకిస్తాన్, శ్రీలంకలలోనూ జరిగాయి. మార్చి 9న మన జట్టు బెంగుళూరులో పాకిస్తాన్‌ను 39 పరుగుల తేడాతో ఓడించింది. బెంగుళూరు మాకు సుమారు నూరు కిలోమీటర్ల దూరం. ఆ రాత్రి మా వీధిలో టపాకాయల మోతకు కుక్కలన్నీ ఊరు విడిచి పోయాయి. నాలుగు రోజుల తరువాత కలకత్తాలో మనవాళ్ళు శ్రీలంక చేతిలో ఓడిపోయారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ఆ రోజుల్లో రూపాయికి ఒక బబుల్‌గమ్ దొరికేది. పొట్లం విప్పితే లోపల ఒక ఆటగాడి బొమ్మ వున్న చిన్న కార్డు వుండేది. కార్డు వెనక ఆయన చేసిన పరుగులు, తీసిన వికెట్లు. మొత్తం 50 కార్డులు. వాటికి అంటిన తియ్యని వాసన వారం రోజులైనా పోయేది కాదు. "నమిలి ఉమ్మేసేదానికి రూపాయా!" అని మా జేజి గొణిగేది. పాపం, నేను గమ్ము కోసం కొనడం లేదని ఆమెకు తెలియదు.

మొదట్లో ప్రతి పొట్లంలోనూ కొత్త ఆటగాడే వచ్చేవాడు. తరువాత తరువాత వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. చివరికి నా దగ్గర 49 చేరాయి. అనిల్ కుంబ్లే ఒక్కడే రాలేదు. అంగడాయన కావాలనే కుంబ్లేను దాచిపెట్టుకున్నాడని నాకు గట్టి అనుమానం. పెద్దయ్యాక లెక్కలు నేర్చుకుంటే గాని ఆయన తప్పేమీ లేదని తెలియలేదు.

మీరూ ఒక పని చేసి చూడండి. ఒక పాచిక తీసుకుని, ఆరు అంకెలూ కనీసం ఒక్కొక్కసారైనా పడేదాకా వేయండి. ఆరు సార్లలో ఐపోతుందనుకుంటారు. కాని చాలాసార్లు వేసి సగటు తీస్తే సుమారు 15 వస్తుంది. మొదటి అంకెలు చకచకా పడతాయి, చివరిది ఏడిపిస్తుంది. 50 కార్డులకూ అదే లెక్క. అన్ని కార్డులూ సమానంగా కలిసివున్నా, మొత్తం జత కూడడానికి సగటున 225 పొట్లాలు కొనాలి. అందులో మొదటి 40 కార్డులకు దాదాపు 79 పొట్లాలు చాలు. చివరి 10 కార్డులకే సుమారు 146 పొట్లాలు కావాలి! ఒకే ఒక్క కార్డు మిగిలినప్పుడు, ప్రతి పొట్లంలోనూ అది వుండే అవకాశం యాభైలో ఒకటే. కనక దాని కోసమే సగటున 50 రూపాయలు పెట్టాలి. మా ఇంట్లో ఆ మాట అంటే వీపు విమానం మోత మోగేది. దీనికి ఒకటే ఉపాయం: రెండేసి వున్నవాటిని స్నేహితులతో మార్చుకోవడం.

నా తరగతిలో నాకు ప్రాణస్నేహితుడు ఒకడు వుండేవాడు. వాళ్ళ నాయనకు పెనుకొండకు బదిలీ ఐతే వాడూ వెళ్ళిపోయాడు. వేసవి సెలవుల్లో వాడి దగ్గరనుంచి కార్డు వచ్చింది—బొమ్మకార్డు కాదు, పోస్టుకార్డు. "నా దగ్గర కుంబ్లే రెండు వున్నాడు. నువ్వు ధర్మవరం పోయేటప్పుడు చెప్పు, స్టేషనుకు వస్తాను. మూడు మంచి కార్డులు తే," అని రాశాడు. మా మేనత్తది ధర్మవరం. హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే మలుగూరు, పెనుకొండ దాటి ధర్మవరం చేరుతుంది. నేను జేజి వెంట శనివారం బయలుదేరాను. అజారుద్దీన్, జయసూర్య, షేన్ వార్న్ కార్డులు చొక్కా జేబులో పెట్టుకుని, చెమటకు తడుస్తాయేమోనని దారి పొడుగునా చేత్తో తడుముకుంటూనే వున్నాను.

పెనుకొండలో రైలు ఆగేది రెండు నిమిషాలు. కొండ మీద కోటగోడ కనబడగానే నేను కిటికీ చువ్వలకు ముఖం ఆనించాను. వాడు ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొచ్చాడు. నేను మూడు కార్డులూ వాడి చేతిలో పెట్టాను. వాడు కుంబ్లేను జామెట్రీ పెట్టెలో భద్రంగా పెట్టి తెచ్చాడు. తీరా చూస్తే ఆ పెట్టె మూత రాదే! గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. ఇంతలో రైలు కదిలింది. వాడు పెట్టె పట్టుకుని కిటికీ వెంట పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం ఐపోయింది. వాడు కనబడకుండా పోయాడు.

"ఏమాయెరా?" అన్నది జేజి.

"వాడు దొంగ! నా కార్డులు మూడూ కొట్టేసినాడు," అన్నాను ఏడుస్తూ.

ధర్మవరం చేరాక ఈ మాట అత్తకు చెప్పాను, మామకు చెప్పాను, వీధిలో పిల్లలందరికీ చెప్పాను. మా బావ అప్పటికే పదో తరగతి. బడి లేనప్పుడు మగ్గం దగ్గర వాళ్ళ నాయనకు సాయం చేసేవాడు. వాడు అంతా విని, "రేయ్, వాడు రైలు వెంట పరుగెత్తినాడు అంటివే. దొంగైతే ఇటు ఎందుకు పరుగెత్తుతాడు? అటు పరుగెత్తుతాడు గాని," అన్నాడు. నాకు జవాబు తోచలేదు. కాని, అన్న మాట వెనక్కు తీసుకోవడం ఎంత కష్టమో మీకూ తెలుసు.

బుధవారం హిందూపురం తిరిగి వచ్చేసరికి ఇంట్లో కవరు వున్నది. లోపల కుంబ్లే! దానితోపాటు నా జయసూర్య కూడా వున్నాడు. "జయసూర్య నా దగ్గర ముందే వున్నాడు, అందుకని తిరిగి పంపుతున్నాను. రెండు చాలు. పరుగెత్తినప్పుడు పడి మోకాలు చెక్కుకుపోయింది. మీ అమ్మతో చెప్పవద్దు, మా అమ్మకు తెలిసిపోతుంది," అని రాశాడు. చివర ఒక ప్రశ్న: "యాభై మందిలో మన ఆంధ్ర జట్టువాడు ఒక్కడూ లేడేమిరా?"

నా 50 కార్డులూ పూర్తి అయ్యాయి. ఎన్నాళ్ళుగానో కోరుకున్న రోజు అది. ఐనా వాటిని నేల మీద వరసగా పేర్చి చూస్తుంటే సంతోషం కలగలేదు. ధర్మవరంలో ఒక వీధి వీధంతా వాణ్ణి దొంగ అనుకుంటున్నది మరి!

వాడి ప్రశ్న గురించి కొంచెం చెప్పాలి. అజారుద్దీన్ మన రాష్ట్రంవాడే కదా అని మీ పెద్దలు అనవచ్చు. నిజమే, అప్పట్లో రాష్ట్రం ఒకటే. కాని రంజీలో హైదరాబాద్ జట్టు వేరు, ఆంధ్ర జట్టు వేరు. హైదరాబాద్ 1937-38లోనూ, 1986-87లోనూ రంజీ ట్రోఫీ గెలిచింది. మాకు సరిహద్దు అవతల కర్ణాటక జట్టు ఎన్నోసార్లు గెలిచింది; 1995-96లో గెలిచినదీ అదే. మా హిందూపురంలో సగం మంది కర్ణాటక పక్షం. ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ బరిలో దిగింది. భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు అంతటివాడు తన ముదిమి వయసులో ఈ జట్టుకు ఆడాడు. ఐనా గెలుపులు తక్కువ. ఆటగాళ్ళ పేర్లు పత్రికలో చీమ తలకాయలంత అక్షరాలతో పడేవి. అటువంటి జట్టుకు బబుల్‌గమ్‌లో కార్డు ఎవరు వేస్తారు?

దసరా సెలవులకు మళ్ళీ ధర్మవరం వెళ్ళాను. బావ మగ్గం మీద అట్టల దండ ఒకటి వేలాడుతూ వుండేది. దాన్ని జాకార్డు అంటారు. ఫ్రాన్సు దేశంలో జాకార్డు అనే ఆయన 1804 ప్రాంతంలో ఈ పద్ధతి స్థిరపరిచాడు. ఒక్కొక్క అట్టకు వరసలుగా బెజ్జాలు వుంటాయి. బెజ్జం వున్నచోట సూది లోపలికి పోతుంది, ఆ పడుగు దారం పైకి లేస్తుంది. బెజ్జం లేనిచోట లేవదు. ఇలా అట్ట తరువాత అట్ట తిరుగుతుంటే చీర అంచున హంసలు, మామిడిపిందెలు వాటంతటవే వచ్చేస్తాయి. తరువాతి రోజుల్లో కంప్యూటర్లకు లెక్కలు అందించిన బెజ్జాల కార్డులకు మూలం ఇదే. అంచు మారితే పాత అట్టలు మూలన పడేవి.

"ఇవి ఇస్తావా బావా?" అన్నాను.

"ఎందుకురా?"

"మన జట్టుకు కార్డులు చేయాలి."

బావ ఒక కట్ట ఇచ్చాడు. ఇద్దరం కత్తిరించి, బెజ్జాలు మూయడానికి తెల్లకాగితం అంటించి, పత్రికలో చూసి పేర్లు రాశాము. మొదటి కార్డు ఎం.ఎస్.కె. ప్రసాద్, గుంటూరు, వికెట్ కీపర్. బొమ్మ గీసింది నేనే. ఆయన ఎలా వుంటాడో మాకు తెలియదు కనక, చేతి తొడుగులు పెద్దవిగా గీసి ముఖం టోపీతో కప్పేశాను.

తిరుగు ప్రయాణంలో నా స్నేహితుడు పెనుకొండ స్టేషనుకు వచ్చాడు. ఈసారి రైలు ఆగకముందే చెయ్యి బయటికి చాచి కార్డు ఇచ్చాను. ఆ రెండు నిమిషాలలోనే, "నిన్ను ధర్మవరంలో అందరిముందూ దొంగ అన్నాను. మళ్ళీ అందరికీ కాదని చెప్పి వచ్చినాను," అన్నాను. వాడు మాట్లాడలేదు. కార్డును ఎండకేసి పట్టి చూశాడు. కాగితంలోనుంచి చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపించింది.

"ఈ బెజ్జాలేమిరా?" అన్నాడు. అంతే.

1999 అక్టోబరులో ఎం.ఎస్.కె. ప్రసాద్ మొహాలీలో న్యూజీలాండ్ మీద భారతదేశం తరఫున మొదటి టెస్టు ఆడాడు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు 83 పరుగులకే ఔటైపోయారు. మా ఇద్దరికీ అది పట్టనేలేదు. మా అట్టముక్క టెస్టు ఆడుతున్నది!

ఈ కార్డుల పిచ్చి మాకే కాదు. ఇంగ్లండులో 1896లోనే విల్స్ కంపెనీ సిగరెట్టు పెట్టెలలో 50 మంది క్రికెట్ ఆటగాళ్ళ కార్డులు పెట్టింది. ఎవరి పేర రంజీ ట్రోఫీ వున్నదో, ఆ రంజిత్ సింహ్‌జీ మొదటి టెస్టు ఆడినదీ ఆ యేడే. అమెరికాలో మన క్రికెట్టుకు దూరపు చుట్టంలాంటి ఆట ఒకటి వున్నది, బేస్‌బాల్. టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ 1952లో ఆ ఆటగాళ్ళ కార్డులు అచ్చువేసింది. మిగిలిపోయిన పెట్టెలను కొన్నేళ్ళకు పడవలో వేసుకుపోయి సముద్రంలో పారవేశారట. ఆ వరసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది! మీ అమ్మగారు గది సర్దుతున్నప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి. ఆ దేశంలోనే షికాగో కబ్స్ అనే జట్టు 1908లో గెలిచి, మళ్ళీ 2016లో గెలిచింది. నడుమ 108 ఏళ్ళు! ప్రతి వసంతంలోనూ కొత్త పోటీలు మొదలవగానే ఆ ఊరివాళ్ళు "ఈసారి మనదే" అనుకునేవారట. ఇది చదివి నా స్నేహితుడికి ఫోను చేసి చెప్పాను. "మనకింకా టైముందిలే," అన్నాడు.

2023-24లో మేము నిజంగానే ఆశపడ్డాము. ఆంధ్ర ఆటగాడు రికీ భుయ్ ఆ యేడు 902 పరుగులు చేసి రంజీలో అందరికన్న ముందు నిలిచాడు. 2024 ఫిబ్రవరిలో ఇండోరులో మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్. గెలవడానికి 170 కావాలి. మనవాళ్ళు 165కు ఔటైపోయారు. నాలుగే నాలుగు పరుగులు! ఆ పూట కూడా నేను అన్నం తినలేదు. మా అమ్మాయి ఆశ్చర్యపోయింది.

ఆ సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు అనంతపురానికే వచ్చాయి. అక్కడ ఆర్.డి.టి. సంస్థవారి మైదానం వున్నది. రికీ భుయ్ అక్కడ రెండు సెంచరీలు కొట్టాడు. నేను హిందూపురంలో రైలెక్కాను, వాడు పెనుకొండలో ఎక్కాడు, బావ ధర్మవరంలో ఎక్కాడు. ముగ్గురమూ జుట్టు నెరిసినవాళ్ళమే. అదే యేడు డిసెంబరులో విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో 114 పరుగులు చేశాడు. వాడి అట్టముక్క పెనుకొండలో వున్నది. ఎంత అడిగినా ఇవ్వడం లేదు.

ఈ దసరాకు బావ పంపిన అట్టలు 15 కోశాను. మా అమ్మాయి జిగురు కలిపింది. పదకొండింటి మీద పేర్లు రాశాము. నాలుగు మాత్రం ఖాళీగా వుంచాము. ఎవరు వస్తారో ఇంకా తెలియదు కదా! వాటిలో ఒకటి తనకు ముందుగా పంపమని పెనుకొండ నుంచి అప్పుడే రెండుసార్లు ఫోను వచ్చింది. పేరు లేని కార్డు ఎందుకురా అంటే, "పేరు నేను రాసుకుంటాలే, నువ్వు పంపు," అంటున్నాడు.