చూడకుండా తీసిన చీటీ

పిల్లలూ! ఒకటి నుంచి పది లోపల ఒక అంకె తలచుకోండి. ఏడా? చాలామంది అదే తలచుకుంటారు. మనసుకు తెలియకుండానే పక్షపాతం ఉంటుంది.

మచిలీపట్నంలో పాఠం చెప్పే రోజుల్లో నేను అందరినీ సమంగానే ప్రశ్నలు అడుగుతున్నాననుకునేవాణ్ణి. ఒకనాడు వెనుక బల్ల కుర్రవాడు, "మాస్టారూ, ఈ యేడు నన్నొక్కసారి కూడా అడగలేదండీ" అన్నాడు. సిగ్గుపడ్డాను. మర్నాడు హాజరుపట్టీ నంబర్లు చీటీల మీద వ్రాసి, డబ్బాలో కలిపి, చూడకుండా ఒకటి తీశాను.

ఇలా ఎవరూ ముందుగా ఊహించలేని సంఖ్యలను యాదృచ్ఛిక సంఖ్యలంటారు. దివిసీమ వరిపొలాల్లో పంటకోత ప్రయోగాలు చేసేటప్పుడు ఏ చేను, అందులో ఏ చోట కోయాలో అవే చెబుతాయి. కంటికి నచ్చినచోట కోస్తే ఏపైన పైరే కొడవలికి చిక్కుతుంది. ఊరి దిగుబడి ఎక్కువగా తేలి, నష్టపోయిన రైతుకు బీమా సొమ్ము తగ్గిపోతుంది.

ఇప్పుడు గుడివాడలో మా మనుమరాలు లినక్స్ కంప్యూటరులో 'ఎకో డాలర్ రాండమ్' అనే ఆజ్ఞ టైపు చేస్తుంది. 0 నుంచి 32767 లోపల ఒక సంఖ్య వస్తుంది. "దాన్ని 40తో భాగించి, శేషానికి 1 కలిపితే మీ క్లాసులో ఒకరి నంబరు, తాతయ్యా!" అంటుంది. నిజానికి యంత్రం కూడా ఒక సూత్రం ప్రకారమే లెక్క కడుతుంది. మొదట ఇచ్చే 'విత్తనం' సంఖ్య ఒకటే అయితే, వరుస కూడా మళ్ళీ అదే వస్తుంది.

ఆనాడు నా చీటీలో మళ్ళీ ముందు బల్ల పిల్లవాడే వచ్చాడు. ఇంకొకటి తీద్దామా అనిపించింది. తీయలేదు. నచ్చిన పేరు వచ్చేదాకా తీస్తే, అది చీటీ ఎన్నిక కాదు, నా ఎన్నికే! మూడోనాడు ఆ వెనుక బల్ల కుర్రవాడి నంబరు దానంతటదే వచ్చింది.