కుడి దవడ.. ఎడం చెయ్యి

జ్ఞానదంతం తీయించుకున్నాక ఏం తినాలో డాక్టర్లు చెబుతారు. ఏ చేత్తో తినాలో మాత్రం ఎవరూ చెప్పరు! ప్రపంచంలో దాదాపు పదిమందిలో ఒకరిది ఎడమచేతి వాటం. ఆ ఒకరిలో నేనూ ఉన్నా. రాయడం, మౌస్ పట్టడం, క్రికెట్ ఆడటం అన్నీ ఎడం చేత్తోనే. తిండి ఒక్కటే కుడి చేత్తో. అది మా అమ్మ పెట్టిన రూలు.

నాది కింది వరసలో కుడివైపు జ్ఞానదంతం. చిగురు కింద అడ్డంగా ఇరుక్కుపోతే ముక్కలు చేసి తీశారు. ఆపరేషన్ వైజాగ్‌లో. మా ఇల్లు అరకులో. మధ్యలో సుమారు 115 కిలోమీటర్లు, శృంగవరపుకోట దాటాక అన్నీ ఘాట్ మలుపులే.

జాగ్రత్తల్లో ముఖ్యమైనది ఒకటే. పన్ను తీసిన గుంతలో గడ్డకట్టిన రక్తం కదలకూడదు. లోపలి ఎముకకు అదే కవచం. అది ఊడిపోతే డ్రై సాకెట్ అంటారు. రెండు మూడు రోజులకు తగ్గాల్సిన నొప్పి చెవిదాకా లాగుతుంది. అందుకే స్ట్రాతో తాగకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, సిగరెట్, చుట్ట అసలే వద్దు. మొదటి రోజు వేడివేడిగా ఏదీ తాగొద్దు. కాఫీ తోటల ఊళ్లో ఇదో శిక్ష! 24 గంటలయ్యాక గోరువెచ్చని ఉప్పునీళ్లు మెల్లగా పుక్కిలించాలి. మాకు డ్రై సాకెట్ అంటే నొప్పి ఒక్కటే కాదు. మందు పెట్టించుకోవడానికి వాచిన దవడతో మళ్లీ ఆ ఘాట్ దిగాలి.

మూడో రోజుకి వాపు బాగా పెరిగింది. అది మామూలే అన్నారు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. అమ్మ చల్లారిన చోడి అంబలి, స్పూను ఇచ్చింది. కుడి చేత్తో పట్టుకుంటే స్పూను వాచిన వైపు నుంచే వస్తోంది. పెదవి మూలకి తగిలితే ప్రాణం పోతోంది. సగం అంబలి చొక్కా మీదే. ఎడం చేత్తో అయితే నేరుగా బాగున్న వైపుకి వెళ్తుంది. కానీ ఎదురుగా అమ్మ! చిన్నప్పుడు ఆ చేతి మీద పడిన దెబ్బలు నాకింకా గుర్తే.

అమ్మ కాసేపు చూసింది. స్పూను తీసుకుని నా ఎడం చేతిలో పెట్టింది. "దీంతో తినరా. ఒలకదు" అంది.

మీకూ ఈ ఆపరేషన్ ఉంటే పన్ను ఏ వైపుదో చూసుకోండి. రెండో వైపు చేత్తో స్పూను పట్టడం రెండ్రోజుల ముందే ప్రాక్టీస్ చేయండి. పనికొస్తుంది.

వారానికి కుట్లు విప్పారు. అన్నం మళ్లీ కుడి చేత్తోనే కలుపుకుంటున్నా. స్పూను మాత్రం ఎడం చేతిలోనే ఉంటోంది. అమ్మ ఏమీ అనట్లేదు.